క్షమ ముందు నడిస్తే

విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన 'లే మిజరబుల్' అనగానే నవల చదివినవాళ్లకూ, కథ విన్నవాళ్లకూ ముందుగా గుర్తొచ్చేవి బిషప్పుగారి వెండి సెమ్మెలు. 1950లో చిత్తూరు నాగయ్య నటించిన 'బీదలపాట్లు' సినిమాతో ఈ కథ తెలుగువాళ్లకూ పరిచయమైంది. రొట్టె దొంగతనానికి పడిన శిక్ష, పారిపోబోయి పట్టుబడిన ప్రతిసారీ పెరిగి 19 ఏళ్లకు తేలింది. అది ముగించుకుని వచ్చిన జాన్ వాల్జాన్‌కు ఊళ్లో ఏ పూటకూళ్ల ఇంట్లోనూ చోటు దొరకదు. మిరియెల్ అనే ముసలి బిషప్పు భోజనం పెట్టి పక్క వేయిస్తాడు. ఆ రాత్రే వాల్జాన్ అక్కడి వెండి సామాను మూటగట్టుకుని గోడ దూకుతాడు. తెల్లారి పోలీసులు పట్టుకొస్తే, అది తానిచ్చిందేననీ, సెమ్మెలు కూడా ఇస్తే మరిచిపోయి వెళ్లాడనీ బిషప్పు చెబుతాడు. చాలామంది జ్ఞాపకంలో కథ ఇక్కడే మలుపు తిరిగి దొంగ మంచివాడైపోతాడు. హ్యూగో అంత తొందరపడలేదు. అదే రోజు పొద్దువాలే వేళ పెతీ జెర్వే అనే పదేళ్ల పిల్లాడు నాణేలు ఎగరేసి పట్టుకుంటూ ఆ దారిన వస్తాడు. 40 సూల నాణెం ఒకటి చేజారి దొర్లుకుంటూ పోతే వాల్జాన్ దాని మీద కాలు వేసి తొక్కిపెడతాడు. పిల్లాడు బతిమాలతాడు, ఏడుస్తాడు, చివరికి భయపడి పారిపోతాడు. సంచీలో బిషప్పు ఇచ్చిన వెండి ఉండగానే, దిక్కులేని పిల్లాడి సొమ్ము కాజేశాడన్నమాట.

ఈ చిన్న ఘట్టమే ఆ నవలకు ఇరుసు అని నా ఉద్దేశం. మనకు అలవాటైన న్యాయంలో వరస ఒకటుంది. తప్పు చేసినవాడు ముందు ఒప్పుకోవాలి, తల వంచాలి, నష్టం కట్టాలి. ఆ తరవాతే క్షమించాలా వద్దా అన్న మాట వస్తుంది. రచ్చబండ దగ్గరి పెద్దలదీ, కోర్టుదీ ఇదే వరస. పందొమ్మిదో శతాబ్దపు గొప్ప నవలల్లో కొన్ని దీన్ని తలకిందులు చేశాయి. వాటిలో కనికరం ముందొస్తుంది. మారుమనస్సు దాని వెనక, చాలా ఆలస్యంగా, తూలుతూ పడుతూ వస్తుంది. ఆ రచయితలకు ఈ వరస సువార్తల్లోనే దొరికింది. లూకా సువార్త పందొమ్మిదో అధ్యాయంలో యెరికో ఊరి సుంకరి జక్కయ్య పొట్టివాడు కావడంతో, జనం మధ్య యేసు కనబడక మేడిచెట్టు ఎక్కుతాడు. యేసు అతని లెక్కాపత్రం అడగడు, ఈ పూట నీ ఇంట్లోనే దిగుతానంటాడు. పాపి ఇంట విడిదా అని జనం సణుగుతారు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా గుంజుకున్నదానికి నాలుగింతలు అన్న మాట జక్కయ్య నోట వచ్చేది ఆ తరవాతే.

వెంటనే ఎదురయ్యే ఆక్షేపణ అందరికీ తెలిసిందే. అడక్కుండానే క్షమించేస్తే దొంగకు రెక్కలొచ్చినట్టు కాదా? హ్యూగో దీన్ని దాటవేయలేదు, పిల్లాడి నాణెంతో ఆక్షేపణను తానే కథలో పెట్టాడు. బిషప్పు దయ మొదటి పరీక్షలోనే ఓడిపోయింది, ఒప్పుకోవలసిందే. కానీ 19 ఏళ్ల జైలు చేయలేని పని ఆ ఓటమి చేసింది. పిల్లాడు వెళ్లిపోయాక కాలు తీసి నాణేన్ని చూసుకున్న వాల్జాన్ వాడి పేరు పెట్టి అరుస్తూ పొలాలంట పరుగెత్తుతాడు, దారిన పోయే ఒక పురోహితుడి చేతిలో బీదలకని డబ్బు పెడతాడు, తనను దొంగగా పట్టుకోమని అతన్నే వేడుకుంటాడు. చివరికి కూలబడి ఏడుస్తాడు, ఆ 19 ఏళ్లలో మొదటిసారి. అంతకుముందు అతనికి కోపం ఉండేది, లోకం తనకు బాకీ ఉందన్న లెక్క ఉండేది. పొద్దున్నే ఎవరో ఆ బాకీ తీర్చేసరికి, చేసిన తప్పుకు చెప్పుకోవడానికి సాకు మిగల్లేదు. శిక్ష మనిషికి సాకు ఇస్తుంది, దయ దాన్ని లాగేసుకుంటుంది. ఈ ఘట్టంలో ఇంకో చిన్న కిటుకుంది. మంచివాడిగా బతుకుతానని మాటిచ్చావు, మరవకు అంటాడు బిషప్పు. తానలా మాటిచ్చినట్టు వాల్జాన్‌కు గుర్తే లేదు. అతని పశ్చాత్తాపాన్ని కూడా బిషప్పే ముందస్తుగా రాసిపెట్టాడు.

ఆ ముందస్తు మాట నిలబెట్టుకోవడానికి ఎంత ఖర్చయిందో నవల తర్వాతి వందల పేజీల్లో లెక్క చెబుతుంది. వాల్జాన్ పేరు మార్చుకుని మద్లెన్‌గా ఒక ఊరికి మేయరవుతాడు. తన పాత పేరు అంటగట్టి వేరొక అమాయకుణ్ణి కోర్టులో నిలబెట్టారని తెలిసిన రాత్రి, పాత సామానంతా మంటలో వేస్తాడు. కాలుతున్న సంచీలోంచి పిల్లాడి నాణెం తళుక్కున మెరుస్తుంది. సెమ్మెల్లో ఒకదానితో నిప్పులు ఎగదోసి, వాటినీ కాల్చేయాలనుకుంటాడు. తెల్లారేసరికి మాత్రం కోర్టుకే బయలుదేరతాడు, తానే వాల్జాన్‌నని చెప్పుకుంటాడు. మేయరుగిరీ, ఫ్యాక్టరీ, పేరు అన్నీ పోతాయి. ఉచితంగా వచ్చిన క్షమ ఇదైతే, చౌక అనడానికి నోరు రాదు.

దయ లేనిచోట పశ్చాత్తాపం ఏమవుతుందో అమెరికన్ రచయిత నథానియెల్ హాథార్న్ అంతకు పన్నెండేళ్ల ముందే, 1850లో, 'ది స్కార్లెట్ లెటర్'లో చూపించాడు. పదిహేడో శతాబ్దపు బోస్టన్‌లో ప్యూరిటన్లది క్రైస్తవమే గాని, కనికరానికి వాళ్ల వీధుల్లో చోటు తక్కువ. హెస్టర్ ప్రిన్ గుండెల మీద ఎర్ర అక్షరం కుట్టించి నిలబెడతారు. ఆమె బిడ్డకు తండ్రి అయిన పాస్టరు డిమ్స్‌డేల్ నోరు విప్పడు. లోపల కుళ్లిపోతాడు, తలుపేసుకుని కొరడాతో తన్ను తాను కొట్టుకుంటాడు. ప్రసంగపీఠం ఎక్కి తనంతటి పాపి లేడని కూడా అంటాడు, ఏ పాపమో మాత్రం చెప్పడు. ఎంత వినయం, ఎంత పవిత్రత అని సంఘం మరింత మొక్కుతుంది. అతని పశ్చాత్తాపంలో నిజాయితీ లేదనలేం. పోవడానికి దారి లేని పశ్చాత్తాపం అది. ఒప్పుకుంటే పట్టుకునే చెయ్యి ఒక్కటి కూడా కనబడనప్పుడు, మనిషి ఒప్పుకోలును సైతం ముసుగు చేసుకుంటాడు.

రెండో ఆక్షేపణ బరువైనది. తనకు జరగని అన్యాయాన్ని క్షమించే హక్కు ఎవరికుంది? దీన్ని అందరికంటే పదునుగా అడిగినవాడు రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీ సృష్టించిన పాత్రే. 'కరమజోవ్ సోదరులు'లో ఇవాన్ ఒక జమీందారు సంగతి చెబుతాడు. ఆడుకుంటూ రాయి విసిరి తన వేటకుక్క కాలికి దెబ్బ తగిలించాడని ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి, తల్లి కళ్లెదుటే కుక్కలకు వేయించాడు వాడు. తల్లి తన దుఃఖాన్ని క్షమిస్తే క్షమించనీ, బిడ్డ పడిన బాధను క్షమించే హక్కు ఆమెకు కూడా లేదంటాడు ఇవాన్. దీనికి తర్కంతో జవాబు ఆ నవలలో లేదు, మరెక్కడా ఉందని కూడా నేననుకోను. అయితే మనం చెప్పుకుంటున్న కనికరం ఇవాన్ తిరస్కరించినది కాదు. మిరియెల్ క్షమించింది తన వెండిని మాత్రమే. పిల్లాడి నాణెం సంగతి అతను మాఫీ చేయలేదు, చేయలేడు కూడా. అందుకే మద్లెన్, మేయరై కూర్చున్నాక కూడా, ఊళ్లోకి వచ్చే పెతీ జెర్వే ప్రాంతపు కుర్రాళ్లందర్నీ పిలిపించి పేరడిగి డబ్బిస్తుంటాడు. ఆ ఒక్కడు మళ్లీ దొరకడు. బాకీ అలాగే ఉండిపోతుంది.

దోస్తోయెవ్‌స్కీ 1866 నాటి 'నేరము-శిక్ష'లో ఈ తేడా ఇంకా స్పష్టం. రస్కోల్నికోవ్ గొడ్డలితో చంపింది ఇద్దర్ని. వడ్డీవ్యాపారి ముసలిదాని గురించి అతను పేజీలకు పేజీలు వాదిస్తాడు. అడ్డొచ్చిందని చంపిన ఆమె చెల్లెలు, అమాయకురాలు లిజవెత, అతని ఆలోచనల్లోకి రావడమే అరుదు. ఒళ్లమ్ముకుని ఇల్లు గడిపే సోన్యా అతనికి సువార్తలోని లాజరు పునరుత్థాన ఘట్టం చదివి వినిపిస్తుంది. ఆ పుస్తకం ఆమెకు తెచ్చిచ్చింది లిజవెత. సోన్యా ధరించే రాగి శిలువ కూడా ఆమెదే. హత్య చేసిన చేతులకు దయ అందింది హతురాలి పుస్తకంలోంచి అని దోస్తోయెవ్‌స్కీ పెద్దగా చెప్పడు, చదివేవాళ్లు పట్టుకోవాలి. తానే హంతకుణ్ణని అతను చెప్పినప్పుడు సోన్యా కౌగిలించుకుంటుంది, సైబీరియాకైనా వెంట వస్తానంటుంది. కానీ లిజవెత తరఫున క్షమించానని అనదు. నాలుగు రోడ్ల కూడలికి వెళ్లి నేలను ముద్దుపెట్టుకుని, చంపానని లోకానికి చెప్పమంటుంది. ఇక్కడ కనికరమంటే శిక్ష రద్దు కాదు, శిక్ష దాకా తోడు నడవడం. అతను కూడలిలో మోకరిల్లితే జనం తాగుబోతనుకుని నవ్వుతారు, నోటిదాకా వచ్చిన మాట ఆగిపోతుంది. పోలీసు స్టేషన్‌కు వెళ్లి కూడా చెప్పకుండానే బయటికొస్తాడు. పెరట్లో పాలిపోయిన ముఖంతో నిలబడ్డ సోన్యాను చూసి వెనక్కి తిరుగుతాడు. సైబీరియాలో 8 ఏళ్ల శిక్ష మొదలయ్యాక కూడా చాలాకాలం అతనికి పశ్చాత్తాపం కలగదు, తన సిద్ధాంతం తప్పు కాదు, తానే చేతగానివాణ్ణనుకుంటాడు. దోస్తోయెవ్‌స్కీకి ఈ ఆలస్యం పుస్తకాల్లో దొరికింది కాదు, తానే ఖైదీగా ఉండి తెలుసుకున్నది. 1850లో ఖైదీగా సైబీరియాకు పోతుంటే తొబోల్స్క్‌లో, అక్కడే ప్రవాసంలో ఉన్న డిసెంబ్రిస్టు తిరుగుబాటుదార్ల భార్యలు అతని చేతిలో కొత్త నిబంధన ప్రతి పెట్టారు. ఆ ప్రతిని చనిపోయేదాకా దగ్గరుంచుకున్నాడు.

ఇదంతా క్రైస్తవుల సొత్తేనా అని అడగవచ్చు. కాదు. దారికాచి మనుషుల్ని చంపే అంగుళిమాలుడికి బుద్ధుడు తానే ఎదురువెళ్లాడు. ఆ తరవాత భిక్షకు పోతే జనం విసిరిన రాళ్లను అంగుళిమాలుడు భరించాడు. నా మాటల్లా, ఈ నవలాకారులు కనికరం ముందన్న వరసను సువార్తల దారిన చేరుకున్నారని. చర్చి దారిన అనలేను. వాళ్లలో ఒకడైన తోల్‌స్తోయ్‌ను రష్యన్ చర్చి 1901లో వెలివేసింది. దానికి దగ్గరి కారణాల్లో 1899 నాటి 'పునరుత్థానం' నవల ఒకటి.

ఆ నవలలోనే మూడో ఆక్షేపణ ఉంది, అన్నిటికంటే గట్టిది. యువరాజు నెహ్ల్యూదొవ్ తన మేనత్తల ఇంట పెరిగిన కత్యూషా మాస్లొవాను చెరిచి, చేతిలో వంద రూబుళ్లు కుక్కి వెళ్లిపోతాడు. ఏళ్ల తరవాత జ్యూరీలో కూర్చుంటే, హత్యకేసులో ముద్దాయిగా ఆమే ఎదురుగా నిలబడుతుంది. ఆమె తప్పు లేకున్నా, తీర్పులో జ్యూరీ ఒక ముక్క రాయడం మరిచిపోవడం వల్ల కఠినశిక్ష పడుతుంది. అతను చలించిపోతాడు, పెళ్లి చేసుకుంటానంటాడు, సైబీరియా దాకా వెంట నడుస్తాడు. ఆమె మాత్రం మండిపడుతుంది. అప్పుడు నీ సుఖానికి వాడుకున్నావు, ఇప్పుడు నీ మోక్షానికి వాడుకుందామనుకుంటున్నావా అన్నది ఆమె మాటల సారాంశం. ఇవాన్ కోరింది ఇక్కడ జరిగింది, అన్యాయానికి గురైన మనిషే నోరు విప్పింది. పశ్చాత్తాపంలో కూడా స్వార్థం దూరగలదన్న ఈ నిందను తోల్‌స్తోయ్ తోసిపుచ్చలేదు. నెహ్ల్యూదొవ్ నేర్చుకోవలసి వచ్చింది, ఆమె క్షమ తనకు రావలసిన కూలి కాదని. అతను ఆమె శిక్ష తగ్గించడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు, ఆమెతోపాటు మిగతా ఖైదీల మొరలు కూడా మోస్తాడు. ఆమె కూడా మారుతుంది గాని అతనికోసం కాదు. జారు దగ్గర్నుంచి శిక్ష తగ్గింపు వచ్చాక, తోటి రాజకీయ ఖైదీ సిమొన్‌సన్‌తో ఉండిపోతానంటుంది. నెహ్ల్యూదొవ్‌ను ప్రేమిస్తూనే, అతని త్యాగాన్ని అంగీకరించకుండా అతన్ని వదిలేస్తుంది. ఇక్కడ దయ చూపినది దోషి కాదు, బాధితురాలు. అది పెళ్లి రూపంలో రాలేదు.

ఆ తరవాత తోల్‌స్తోయ్ అతన్ని సత్రం గదిలో కూర్చోబెట్టి మత్తయి సువార్త చదివించి నవల ముగించాడు. తోటి రష్యన్ రచయిత చెహోవ్‌కు ఇది నచ్చలేదు. సువార్త వాక్యాలతో చిక్కుముడులన్నీ విప్పేయడం బలవంతపు ముగింపని, నిజానికి ఆ నవలకు ముగింపే లేదని 1900లో ఒక ఉత్తరంలో రాశాడు. చెహోవ్ ఫిర్యాదు సబబే. ఆ సత్రం గదిలో నెహ్ల్యూదొవ్‌కు దొరికినది జీవితానికి నియమాల జాబితా. జక్కయ్య ఇంట్లో మాత్రం ముందు భోజనానికి అతిథి వచ్చాడు, నాలుగింతల లెక్క ఆ తరవాత తేలింది. తోల్‌స్తోయ్ చివరి పేజీల్లో ఈ వరస మరిచాడు గాని, అంతకుముందు కత్యూషా చేత అతన్ని వదిలేయించినప్పుడు మరవలేదు.