వెరిఫై చేయమంటే ముందు ఇంటిపేరు చూడండి!

"మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది. 24 గంటల్లో వెరిఫై చేయకపోతే అకౌంట్ మూసేస్తాం." ఇలాంటి మెయిల్స్ మనందరికీ వస్తూనే ఉంటాయి. దీన్నే ఫిషింగ్ అంటారు. గాలం వేసి చేపని పట్టడం లాంటిదే, ఇక్కడ ఎర మాత్రం భయం.

తప్పుల ఇంగ్లిష్ ఉంటే దొంగ మెయిల్ అని సీనియర్లు చెప్పేవారు. ఇప్పుడు ఏఐతో ఎవరైనా చక్కటి ఇంగ్లిష్ రాయించుకోవచ్చు. లోగో కాపీ చేయడం నిమిషం పని. అందుకే నేను మెయిల్ అందాన్ని వదిలేసి లింక్ ఎక్కడికి వెళ్తుందో చూస్తా.

లింక్ మీద మౌస్ పెడితే, ఫోన్‌లో అయితే నొక్కి పట్టుకుంటే, అడ్రస్ కనిపిస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కదా, వెబ్ అడ్రస్‌లో చివర ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ పక్కన జంట స్లాష్‌లు దాటాక వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. 'గూగుల్ డాట్ కామ్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ నెట్' అని ఉందనుకోండి. దీని ఇంటిపేరు 'ఎగ్జాంపుల్ డాట్ నెట్'. ముందున్న గూగుల్ వట్టి ముద్దుపేరు. డొమైన్ కొన్నవాడు దాని ముందు ఏ పేరైనా తగిలించుకోవచ్చు. తాళం గుర్తుని నమ్మినా లాభం లేదు, దొంగ సైట్‌కీ అది ఉంటుంది.

బ్యాంకుల విషయంలో ఈ గందరగోళం తగ్గించడానికే రిజర్వ్ బ్యాంక్ 2025లో 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక ఇంటిపేరు ప్రకటించింది. దాన్ని రిజిస్టర్ చేసేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ.

మా హాస్టల్లో ఒకడి మెయిల్ ఇలాగే పోయింది. దొంగలు దాని నుంచే క్లాస్ మొత్తానికి అదే లింక్ పంపారు. ఫ్రెండ్ పేరు చూసి ఇంకో ఇద్దరు నొక్కేశారు. స్కాలర్‌షిప్, ఇంటర్న్‌షిప్ అన్నీ ఆ మెయిల్‌కే ముడిపడి ఉంటాయి. ఏ సైట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయామన్నా, మార్చుకునే లింక్ వచ్చేది అక్కడికే.

ఓటీపీ ఉంది కదా అనుకోవద్దు. నకిలీ పేజీలో కొడితే అదీ వాళ్లకే చేరుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి, ఇంటిపేరు తేడాగా ఉంటే అది పాస్‌వర్డ్ నింపదు. అన్నిటికన్నా మంచిది, మెయిల్లో లింక్ ముట్టుకోకుండా అసలు సైట్ మనమే తెరిచి చూసుకోవడం.

ఇప్పటికే ఇచ్చేశారా? వెంటనే పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌ల నుంచి సైనౌట్ చేయండి. సెట్టింగ్స్‌లో తెలియని ఫార్వర్డింగ్ అడ్రస్ ఉంటే తీసేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి మాత్రం దాచొద్దు. మీరు గ్రూప్‌లో ఒక్క మాట చెబితే పక్క రూమ్ వాడు ఆగుతాడు.