మొక్కకు, నమోదుకు నడుమ: జీవశాస్త్ర ప్రయోగశాలలో రీసెర్చ్ అసోసియేట్

బాపట్ల వరి పరిశోధనా కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, సన్న బియ్యం నాణ్యతకు నేటికీ కొలమానంగా నిలిచిన రకం. బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు లొంగిపోవడం దాని పెద్ద లోపం. ఈ తెగులును మందులతో నమ్మకంగా అదుపు చేసే మార్గం లేనందున, నిరోధకత విత్తనంలోనే ఉండవలసి వస్తుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, నేడు భారతీయ వరి పరిశోధన సంస్థగా పిలువబడుతున్న అప్పటి వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఎక్స్‌ఎ 21, ఎక్స్‌ఎ 13, ఎక్స్‌ఎ 5 అనే మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి చేర్చాయి. ఆ కృషి ఫలితమైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలయింది.

ఈ విజయాన్ని విద్యార్థులు తరగతి గదిలో ఒక రేఖాచిత్రంగా చదువుకొంటారు: దాత రకం, గ్రహీత రకం, నాలుగు బ్యాక్‌క్రాస్‌లు, చివర ఒక కొత్త రకం. ఆ రేఖాచిత్రంలోని ఒక్కొక్క బాణం గుర్తు వెనుక కొన్ని వందల ఆకు ముక్కలు, వాటి నుంచి తీసిన డి.ఎన్.ఎ., పి.సి.ఆర్. ఫలితాలు ఉంటాయి. ఇటువంటి ఏ కార్యక్రమంలోనైనా ఆ పనిని రోజువారీగా నడిపించేది ప్రాజెక్టులో తాత్కాలికంగా నియమితులైన పరిశోధక సిబ్బంది. వారిలో పెద్ద బాధ్యత రీసెర్చ్ అసోసియేట్‌ది. వ్యవసాయ పట్టభద్రులలో చాలామందికి ఈ ఉద్యోగపు పేరు తెలుసును గాని, అందులో వాస్తవంగా చేయవలసిన పని ఏమిటో చేరిన తరువాతనే తెలుస్తుంది.

ఈ పని ప్రయోగశాలలోనే ఎందుకు జరగాలి అన్న ప్రశ్నకు సమాధానం జన్యువుల స్వభావంలో ఉన్నది. పై మూడింటిలో ఎక్స్‌ఎ 21 బహిర్గత జన్యువు. ఎక్స్‌ఎ 13, ఎక్స్‌ఎ 5 అంతర్గత జన్యువులు. బ్యాక్‌క్రాస్ సంతతిలో ఈ రెండూ విషమయుగ్మజ స్థితిలోనే ఉంటాయి గనుక మొక్క మీద వాటి జాడ కనిపించదు. పైగా ఎక్స్‌ఎ 21 ఉన్న మొక్క ఆరోగ్యంగానే నిలబడుతుంది. మిగిలిన రెండు జన్యువులు ఉన్నవో లేవో బయటపడనీయదు. కత్తెర కొనలను బాక్టీరియా ద్రావణంలో ముంచి ఆకు చివరలు కత్తిరించి, రెండు వారాల తరువాత మచ్చ పొడవు కొలిచే పాత పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. ఎంత అనుభవజ్ఞుడైన ప్రజననకారుడైనా కంటితో ఆ మొక్కను గుర్తించలేడు. డి.ఎన్.ఎ. మార్కరు మాత్రమే చెప్పగలదు.

లెక్క కూడా చూడవలసి ఉన్నది. బ్యాక్‌క్రాస్‌లో ఒక్కొక్క జన్యువు అందే అవకాశం సగం. మూడూ ఒకే మొక్కకు అందే అవకాశం ఎనిమిదింట ఒకటి. అటువంటి మొక్క కనీసం ఒకటైనా దొరుకుతుందని 95 శాతం భరోసా కావాలంటే 23 మొక్కలను పరీక్షించాలి. చివరి బ్యాక్‌క్రాస్ తరువాత స్వపరాగ సంపర్కం జరిపి మూడు జన్యువులూ సమయుగ్మజంగా ఉన్న మొక్కను వెదకేటప్పుడు అవకాశం 64లో ఒకటికి పడిపోతుంది. అదే భరోసాకు దాదాపు 190 మొక్కలు అవసరం. ఒక్కొక్క మొక్కకు మూడు మార్కర్లు. ఆ తరువాత, మిగిలిన జన్యు నేపథ్యం సాంబ మసూరికి ఎంత దగ్గరగా వచ్చిందో తేల్చడానికి మరికొన్ని పదుల మార్కర్లు. నాలుగవ బ్యాక్‌క్రాస్ నాటికి సగటున 96.9 శాతం గ్రహీత రకం తిరిగి వస్తుందన్నది సిద్ధాంతం. ఏ మొక్కలో అంతకన్నా ఎక్కువ వచ్చిందో చూపేది జెల్ మీది గీతలు.

ఈ పరీక్షలన్నింటికీ గడువు విధించేది యంత్రం కాదు, పైరు. నాటిన మొక్క పొట్ట దశకు రాకముందే ఫలితం ప్రజననకారుని చేతికి అందాలి. ఏ మొక్కను సంకరణానికి వాడాలో తెలిస్తేనే, ముందురోజు సాయంత్రం ఆ కంకిలోని పూల నుంచి పుప్పొడి తిత్తులను తొలగించి, మరునాడు పూలు విచ్చే వేళకు పుప్పొడి చల్లగలుగుతారు. ఫలితం వారం ఆలస్యమైతే పోయేది వారం కాదు, ఒక పంటకాలం. కొత్తగా చేరిన వారికి ఇది మొదట్లో బోధపడదు. ప్రయోగశాలలో చల్లని గదిలో పనిచేసే వ్యక్తికి పొలంలోని పైరు వయసు ప్రతిరోజూ గుర్తుండాలి.

నమూనా సేకరణ ఈ పని మొత్తంలో అతి సులభంగా కనిపించే అంశం. అతి ప్రమాదకరమైనదీ అదే. లేత ఆకు నుంచి వేలెడు ముక్కను కత్తిరించి, గొట్టంలో వేసి, మంచుపెట్టెలో ఉంచి తేవాలి. మొక్కకు కట్టిన చీటీ మీద సంఖ్యను పెన్సిలుతోనే వ్రాయాలి, ఎందుకంటే సిరా రెండు వానలకు కరిగిపోతుంది. ఆ సంఖ్య గొట్టం మీద, నమూనా పట్టికలో, ప్లేటు నమూనాలో, జెల్ చిత్రం మీద ఒకే విధంగా కొనసాగాలి. మొక్క నుంచి నమోదు వరకు ఉన్న ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా తరువాత జరిగిన శుద్ధమైన రసాయన ప్రక్రియ అంతా నిరుపయోగమే.

తరువాతి దశలను పాఠ్యగ్రంథాలు చక్కగానే వివరిస్తాయి. ద్రవ నత్రజనిలో నూరిన ఆకును సీటాబ్ ద్రావణంలో కలిపి 65 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచడం, క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ మిశ్రమంతో మాంసకృత్తులను వేరుచేయడం, ఐసోప్రొపనాల్‌తో డి.ఎన్.ఎ.ను అవక్షేపింపజేయడం, 70 శాతం ఇథనాల్‌తో కడగడం. డాయిల్, డాయిల్ 1987లో ప్రచురించిన పద్ధతికి ఇవి స్వల్ప మార్పులు. పి.సి.ఆర్. యంత్రంలో 94 డిగ్రీల వద్ద పోగులు విడిపోవడం, 55 డిగ్రీల పరిసరాలలో ప్రైమర్లు అతుక్కోవడం, 72 డిగ్రీల వద్ద కొత్త పోగు పెరగడం, ఈ చక్రం 30 నుంచి 35 సార్లు తిరగడం కూడా అందరికీ తెలిసినదే. పుస్తకంలో లేనిది ప్లేటు దిశ. 96 గుంటల ప్లేటులో ఎనిమిది వరుసలు, పన్నెండు నిలువులు ఉంటాయి. పొరపాటున ప్లేటును అటునిటుగా తిప్పి పెడితే ఎ1 గుంట హెచ్12 అవుతుంది. జెల్ మీద గీతలు మాత్రం అందంగానే వస్తాయి. తప్పు జరిగినట్లు చూపే ఏ సూచనా కనబడదు. అందువల్ల అనుభవజ్ఞులు ప్లేటులో తల్లిదండ్రుల డి.ఎన్.ఎ.ను, డి.ఎన్.ఎ. లేని నీటి గుంటను రెండు వైపులా సమానంగా పడని స్థానాలలో ఉంచుతారు. ప్లేటు తిరిగితే ఆ గీతలే పట్టిస్తాయి.

నీటి గుంట గురించి ఇంకొక మాట చెప్పవలసి ఉన్నది. అందులో గీత కనిపించరాదు. కనిపించినదంటే ఏదో ద్రావణం కలుషితమైనదని అర్థం. ఆనాటి 96 ఫలితాలనూ పక్కన పెట్టి, ద్రావణాలన్నీ కొత్తగా తయారుచేసి, పనిని మొదటి నుంచి ప్రారంభించాలి. పైరు పొట్ట దశకు వస్తున్నది, ప్రజననకారుడు రోజూ ఫోను చేస్తున్నాడు, నీటి గుంటలో గీత చాలా పలుచగా ఉన్నది, తక్కిన గీతలన్నీ ఊహించినట్లే ఉన్నవి. ఇటువంటి సాయంత్రం ఆ ప్లేటును పక్కన పెట్టగలగడమే ఈ ఉద్యోగానికి అసలైన అర్హత. ఇంటర్వ్యూలలో దీనిని పరీక్షించే ఏర్పాటు ఎక్కడా లేదు. డిగ్రీలు, వ్యాసాల సంఖ్య మాత్రం జాగ్రత్తగా లెక్కిస్తారు.

నమోదు పుస్తకం విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. పుటల సంఖ్య ముందే ముద్రించిన గట్టి అట్ట పుస్తకంలో, తేదీతో, సిరాతో వ్రాయాలి; తప్పును చెరపకుండా ఒక గీతతో కొట్టివేయాలి. విఫలమైన జెల్ చిత్రాన్నీ అంటించాలి. కొత్తగా వచ్చిన ప్రైమర్లు పాత ఉష్ణోగ్రత వద్ద ఎందుకు పనిచేయలేదో, కొత్త ఎంజైమును మొదటిసారి వాడిన రోజు ఏది మారిందో ఆరు నెలల తరువాత చెప్పగలిగేది ఆ విఫలమైన పుటలే. విడి కాగితాల మీద వ్రాసుకొని ఆదివారం నాడు అందంగా తిరగరాసే అలవాటు కొందరికి ఉన్నది. చేతివ్రాత బాగుంటుంది గాని, ఆ పుస్తకానికి సాక్ష్యంగా విలువ తక్కువ.

జీతభత్యాల సంగతి దాచవలసిన పని లేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2023లో సవరించిన మొత్తాల ప్రకారం జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ రీసెర్చ్ ఫెలోకు 42,000 రూపాయలు. రీసెర్చ్ అసోసియేట్‌కు మూడు స్థాయిలలో 58,000, 61,000, 67,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మొత్తం అంత తక్కువేమీ కాదు. చిక్కు కాలపరిమితిలో ఉన్నది. నియామకం ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది. సాధారణంగా మూడేళ్ల ప్రాజెక్టు అయినా పొడిగింపు ఏటేటా జరగాలి. నాలుగు బ్యాక్‌క్రాస్‌లు, స్వపరాగ తరాలు, క్షేత్ర పరీక్షలు కలిపితే ఒక రకం అంతకన్నా ఎంతో ఎక్కువ కాలం తీసుకొంటుంది. అంటే తొలి సంకరణం నాడు ఉన్న అసోసియేట్ రకం విడుదల నాటికి ఉండడం అరుదు. శాశ్వత ఉద్యోగపు ప్రకటన వెలువడగానే మధ్యలోనే వెళ్లిపోయే వారిని తప్పు పట్టడం న్యాయం కాదు. వయసు, కుటుంబం, భవిష్యత్తు వారికీ ఉన్నాయి.

కాని వారు వెళ్లిపోయేటప్పుడు ఏమి మిగిలిపోతున్నదన్నది పరిశోధనా సంస్థలు తీవ్రంగా ఆలోచించవలసిన ప్రశ్న. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో పొట్టి అక్షరాలతో గుర్తులు పెట్టిన పెట్టెలు ఉంటాయి. ఆ గుర్తుల అర్థం వ్రాసిన ఫైలు వెళ్లిపోయిన వ్యక్తి సొంత ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. విత్తన సంచి మీద ఒక సంఖ్య, డి.ఎన్.ఎ. గొట్టం మీద మరొక సంఖ్య. తరువాత చేరినవారు రెండు నెలలు శోధించి, చివరకు మళ్లీ విత్తనం మొలకెత్తించి పరీక్షలన్నీ తిరిగి చేస్తారు. ప్రజాధనంతో సంపాదించిన సమాచారం ఇలా కనుమరుగు కావడాన్ని ఏ ఆడిట్ నివేదికా పట్టుకోదు. గ్లాసు పరికరాలకు, పుస్తకాలకు బకాయి లేదన్న పత్రం తీసుకొనే సంస్థలు పెట్టెల పట్టికను, విత్తన సంఖ్యల జాబితాను, నమోదు పుస్తకాలను కూడా అదే పత్రంలో చేర్చవచ్చు. పాత, కొత్త అసోసియేట్లు కనీసం రెండు వారాలు కలిసి పనిచేసేలా నియామక తేదీలను సర్దుబాటు చేయడం ప్రధాన పరిశోధకుని బాధ్యత. దానికి అయ్యే ఖర్చు ఒక పెట్టె ఎంజైము ధరకు మించదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ బల్లతో నేరుగా సంబంధం ఉన్నది. నిరోధక రకం వేసిన పొలంలో ఆకులు ఎండుతున్నాయని రైతు ఫిర్యాదు చేసినప్పుడు మూడు అవకాశాలుంటాయి: అది తెగులు కాకపోవచ్చు, విత్తనం ఆ రకానిది కాకపోవచ్చు, లేదా బాక్టీరియాలో కొత్త తెగ ఏర్పడి ఉండవచ్చు. మొదటిదానిని పొలం గట్టు మీదనే తేల్చవచ్చు. ఎండిన మచ్చ అంచున ఆకును కత్తిరించి, కోసిన కొనను గాజు గ్లాసులోని తేట నీటిలో ఉంచితే, బాక్టీరియా ఉన్నప్పుడు పాలవంటి జిగురు ధారగా దిగుతుంది. రెండవదానిని ప్రయోగశాల మార్కరుతో తేలుస్తుంది. మూడవది అన్నింటికన్నా ముఖ్యమైన సమాచారం గనుక, మొదటి రెండూ తేలకుండా ఆ నిర్ణయానికి రాకూడదు.

డి.ఎన్.ఎ. పరీక్షకు లేత, ఆరోగ్యవంతమైన ఆకులు మంచులో గాని, ఆరబెట్టే సిలికా గుళికలలో గాని పంపాలి. బాక్టీరియాను వేరుచేయడానికి పచ్చదనం, ఎండు కలిసే అంచు ఉన్న తాజా ఆకులు కాగితపు కవరులో పంపాలి. పాలిథిన్ సంచిలో అవి చెమర్చి కుళ్లిపోతాయి. ఈ రెండింటినీ ఒకే కవరులో కలపరాదు. గ్రామం, నాటిన తేదీ, విత్తనం ఎక్కడ కొన్నదీ, సంచి మీది లాట్ సంఖ్య, ఒక్కొక్క మొక్కకు వేరే సంఖ్య వ్రాసి ఉంచాలి, అదీ పెన్సిలుతో. ఒకే మడిలోని పది మొక్కల ఆకులను కలిపి ఒక కట్టగా పంపితే కల్తీ ఉన్నదో లేదో తెలుస్తుందేమో గాని, ఎన్ని మొక్కలలో ఉన్నదో తెలియదు. పదింటినీ పది కవర్లలో పంపితే ఆ ప్రశ్నకు రెండు మూడు రోజులలో జవాబు వస్తుంది.