పండుకున్న టైం ఎవరిది? ఫుట్‌బాల్‌లో టైం వేస్ట్ చేసేవాళ్లను రెఫరీ ఎట్లా ఆపాలి

పోయిన ఎపిసోడ్‌లో ఆఫ్‌సైడ్ గురించి చెప్పుకున్నాం. ఈ రోజు మీలో చాలామంది అడిగిన విషయం: గెలుస్తున్న టీం టైం వేస్ట్ చేస్తుంటే రెఫరీ ఏం చేయాలి? ముందు నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతా.

ఆదోని, ఎమ్మిగనూరు మధ్య సుమారు 30 కిలోమీటర్లు. ఈ రెండు ఊర్ల కుర్రాళ్ల మ్యాచ్ అంటే గ్రౌండ్ చుట్టూ జనమే జనం. ఒక ఆదివారం సాయంత్రం విజిల్ నా చేతిలో ఉంది. హాఫ్‌కి 25 నిమిషాలు. ఎమ్మిగనూరు 1-0తో ముందుంది. ఆఖరి పది నిమిషాలు వాళ్లు ఆడింది తక్కువ, పండుకున్నది ఎక్కువ. కీపర్ బంతిని కడుపుకి అదుముకుని దిక్కులు చూస్తాడు. త్రో వేయాల్సినోడు బంతిని ఇంకొకడికి ఇస్తాడు. నేను "కానియ్యండ్రా, కానియ్యండ్రా" అని అరిచినా, అంతే. 25 నిమిషాలు కాగానే విజిల్ ఊదేసినా.

ఆదోని కెప్టెన్ నా దగ్గరికొచ్చి గొడవ పెట్టుకోలేదు. ఒకే మాట అడిగినాడు. "అన్నా, వాళ్లు పండుకున్న టైం ఎవరిది?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు రూల్ బుక్‌లోనే ఉంది, నేనే వాడలేదు.

7వ రూల్ ప్రకారం సబ్‌స్టిట్యూషన్లు, దెబ్బలు, కార్డులు, కావాలని చేసిన ఆలస్యం, గోల్ కొట్టినాక సంబరాలు, వీటికి పోయిన టైం అంతా ఆ హాఫ్ చివర తిరిగి ఇవ్వాలి. ఇంత అదనం అని చెప్పినాక దాన్ని పెంచొచ్చు గానీ తగ్గించకూడదు. ఇప్పుడు నేను చేతికి రెండు వాచ్‌లు కట్టుకుంటా. ఒకటి ఆగకుండా నడుస్తుంది. రెండోది ఇట్లాంటి ఆలస్యం జరిగినప్పుడల్లా ఆపుతా. బంతి బయటికి పోయిన ప్రతిసారీ కాదు, అది ఆటలో మామూలే. రెండు వాచ్‌ల మధ్య తేడా ఎంతో, అదనపు టైం అంత.

2022 ఖతర్ వరల్డ్ కప్ గుర్తుందా? నవంబర్ 21న ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్. ఇరాన్ కీపర్‌కి తలకు దెబ్బ తగిలింది. ఫస్ట్ హాఫ్‌కి ఏకంగా 14 నిమిషాలు కలిపారు. అక్కడ ఎవడూ నటించలేదు, అది నిజమైన దెబ్బే. అయినా పోయిన టైం తిరిగొచ్చింది. అసలు కిటుకు ఇదే. పడిపోయినోడిది నటనా, నిజమా అని రెఫరీ ప్రతిసారీ తేల్చనవసరం లేదు. వాచ్ ఆపితే చాలు. పండుకుంటే లాభం లేదని తెలిసినాక ఎవడు పండుకుంటాడు? అందుకే వాచ్ ఆపేటప్పుడు చెయ్యెత్తి అందరికీ కనబడేలా ఆపాలి.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒకసారి ఎండలో ఒక పిల్లోడు కాలు పట్టుకుని కూలబడితే, "లేయ్, నాటకాలు చాలు" అన్నా. మ్యాచ్ అయినాక చూస్తే చీలమండ వాచిపోయింది. ఆ రోజు నుంచి ఆ మాట నోట రానీయను. తలకు దెబ్బ తగిలితే వెంటనే ఆట ఆపాలి. చిన్న దెబ్బకు గ్రౌండ్‌లోనే మందు రాస్తే, ఆ ఆటగాడు బయటికి పోయి ఆట మొదలైనాకే తిరిగి రావాలి. కీపర్‌కి మాత్రం దీని నుంచి మినహాయింపు ఉంది.

మరి కార్డు ఎప్పుడు తీయాలి? ఫ్రీ కిక్ దగ్గర బంతిని తన్నేయడం, ఎత్తుకుపోవడం, త్రో వేయకుండా నాన్చడం... ఇవి కళ్లకు కనబడే ఆలస్యాలు, ఎల్లో కార్డు తప్పులు. ఒకసారి నోటితో చెప్పండి. వినకపోతే కార్డు తీయండి, అదీ తొందరగా. ఆఖరి నిమిషంలో ఇచ్చిన ఎల్లోకి ఎవడూ భయపడడు. ఫస్ట్ హాఫ్‌లో ఇస్తే మిగతా మ్యాచ్ అంతా రెండో ఎల్లో, అంటే రెడ్, నెత్తిమీద వేలాడుతుంది. సబ్‌స్టిట్యూట్ అయ్యేవాడు గ్రౌండ్ అంతా నడుచుకుంటూ రానక్కర్లేదు. దగ్గర్లో ఉన్న గీత దాటి బయటికి పంపండి.

కీపర్ సంగతికొస్తే 2025లో రూల్ మారింది. ముందు 6 సెకన్లు దాటితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. అంత పెద్ద శిక్ష వేయడానికి రెఫరీలే వెనకాడేవాళ్లు. ఇప్పుడు 8 సెకన్లు దాటితే అవతలి టీంకి కార్నర్. చివరి 5 సెకన్లు రెఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. శిక్ష చిన్నదైంది కాబట్టి వేయడం సులువైంది.

మన గ్రౌండ్‌లలో ఒక చిక్కుంది. లైట్లు లేవు. పొద్దు గూకితే బంతి కనబడదు, ఇంక కలపడానికి టైం ఎక్కడిది? దానికి మందు ఒకటే. కాయిన్ వేసే ముందే ఇద్దరు కెప్టెన్లను పిలిచి వెలుతురు లెక్క వేయండి. నిర్వాహకులు, రూల్స్ ఒప్పుకుంటే హాఫ్‌కి 25 బదులు 20 నిమిషాలు పెట్టుకోండి. పోయిన టైం కలపడానికి వెలుతురు మిగులుతుంది. ఆట మొదలైనాక మాత్రం మార్చకూడదు.

మన హైదరాబాద్ సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. తర్వాత విజిల్ పట్టి 1988 ఆసియా కప్ దాకా పోయినాడు. ఆడినోడికి ఆటగాళ్ల కిటుకులన్నీ తెలుసు. మీలో ఆడేవాళ్లు నెలకు ఒక్క మ్యాచ్‌కైనా విజిల్ పట్టుకుని చూడండి.

ఆ కెప్టెన్ ఈ వీడియో చూస్తుంటే, తమ్ముడూ, జవాబు ఆలస్యమైంది. ఆ టైం మీది. నేనే తిరిగి ఇవ్వలేదు. మళ్లీ కలుద్దాం, ఉంటా.