రెండుసార్లు నొక్కితే తప్పెవరిది?

‘కంప్యూటర్లో బటన్లు నొక్కి చూడ్డానికి కూడా జీతమిస్తారా?’ అని మా పెద్దత్తయ్య ఎగతాళి. ఇస్తారు మరి! నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తెరమీది బటన్లు, గడులు మనుషుల చేతుల్లో ఎలా పనిచేస్తాయో చూసి తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం.

ఓ మందుల షాపులో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. కౌంటర్లో అమ్మాయి వేసే బిల్లు అప్పుడప్పుడు రెండుసార్లు ఎక్కేది. రాత్రి చూసుకుంటే కంప్యూటర్ లెక్కకీ గల్లాపెట్టెలో డబ్బుకీ పొంతన ఉండదు. ఆ తేడా యజమాని ఆమె జీతంలో కోసేవాడు. ‘నేను పైసా తియ్యలేదు మేడమ్’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ప్రోగ్రామర్లేమో ‘మా దగ్గర బాగానే పనిచేస్తోందే’ అన్నారు.

ఒక పూటంతా ఆమె పక్కనే కూర్చున్నాను. రద్దీ పెరిగితే ‘సేవ్’ని టకటకా రెండుసార్లు నొక్కుతోంది. ఫోల్డర్ తెరవాలంటే మనందరం అలాగే కదా నొక్కేది! విండోస్‌లో మామూలుగా 500 మిల్లీసెకన్లలోపు, అంటే అరసెకనులో రెండు నొక్కులు పడితే డబుల్ క్లిక్. ఈ బటన్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఆజ్ఞలు.

మావాళ్ళు మొదట, బిల్లు ఎక్కుతున్నంతసేపూ బటన్ పనిచేయకుండా చేశారు. అయినా జబ్బు తగ్గలేదు. ప్రోగ్రాం పనిలో మునిగి ఉన్నప్పుడు పడ్డ నొక్కు ఎక్కడికీ పోదు, రేషన్ షాపు ముందు పెట్టిన సంచిలా వరసలో ఉంటుంది. బటన్ మళ్ళీ తెరుచుకోగానే దాని వంతు! చివరికి ప్రతి బిల్లుకీ ముందే నంబరిచ్చి, అదే నంబరు రెండోసారి ఎక్కకుండా కట్టడి చేశాక కుదుటపడింది.

చెయ్యి తిరిగినవాళ్ళ వేగం టెస్టింగ్ గదిలో కనిపించదు. 1986లో అమెరికాలోని టెక్సాస్‌లో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం దగ్గర జరిగిందీ ఇలాంటిదే. ఆపరేటర్ ‘ఇ’ బదులు ‘ఎక్స్’ కొట్టి, చటుక్కున దిద్దింది. సుమారు 8 సెకన్లలోపే దిద్దడంతో యంత్రం ఆ మార్పుని సరిగా అందుకోలేదు. మోతాదు మించిన రేడియేషన్ తగిలి ఇద్దరు రోగులు తర్వాత చనిపోయారు. ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేగర్, ఆపరేటర్ కలిసి అదే వేగంతో మళ్ళీమళ్ళీ టైపుచేసి చూస్తేగానీ తప్పు బయటపడలేదు.

మందుల షాపు యజమాని పాత కోతల మాట ఎత్తలేదు. ఒకే మందులు, ఒకే మొత్తం, సెకను తేడాతో పడ్డ జంట బిల్లులన్నీ ప్రింటు తీసి ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. రెండు నెలల కోత వెనక్కి వచ్చింది. ఇంకో నెలది అడుగుతూనే ఉంది.