మిల్లు కాడ దిగేవాళ్లు

ఆదోనిలో ఏళ్లు పైబడినవాళ్లతో ఊరి గుర్తుల మాట కదిపితే ముందు కొండమీది కోట వస్తుంది. తర్వాత రణమండల ఆంజనేయస్వామి, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, లక్ష్మమ్మవ్వ గుడి. ఇవన్నీ ఉన్నవే, ఎప్పుడు పోయినా చూసి రావచ్చు. లేనివాటి సంగతి ఎత్తితే మాత్రం మాట మిల్లుల మీదికి మళ్లుతుంది. అక్కణ్నుంచి ఇక ఆగదు.

1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలో ఉన్న ఆదోనికి చుట్టుపక్కల నల్లరేగడి పత్తంతా చేరింది. జిన్నింగ్ ఫ్యాక్టరీలు, బేళ్లు కట్టే ప్రెస్సులు, మార్వాడీ గద్దెలు వరసకట్టాయి. ఊరికి రెండో బొంబాయి అని పేరొచ్చింది. నూలు వడకడానికి రాయలసీమ మిల్లు, ఆదోని కాటన్ మిల్లు ఉండేవి. షిఫ్టు వదిలితే కనుబొమల మీద దూది నూగుతో జనం రోడ్డు నిండా వచ్చేవాళ్లు. మిల్లులో పని అంటే కిరాణా కొట్టులో అడక్కుండానే ఖాతా తెరిచేవాళ్లు, పిల్లనివ్వడానికి ముందుకొచ్చేవాళ్లు. సైరన్ గురించి అందరూ చెబుతారు గానీ, ఈ ఖాతా సంగతే నాకు పెద్దదిగా తోస్తుంది. అప్పు పుట్టడం కంటే గట్టి పరపతి ఏముంటుంది?

ఆదోని కాటన్ మిల్లును 1974లో కేంద్రం జాతీయం చేసింది. అదే జాబితాలో వరంగల్ ఆజంజాహీ మిల్లు, తాడిపత్రిలోని అనంతపురం కాటన్ మిల్లు కూడా ఉన్నాయి. సర్కారు చేతికొచ్చింది, ఇక ఢోకా లేదనుకున్నారు. చివరికి వాటి గేట్లూ మూతపడ్డాయి. రాయలసీమ మిల్లూ అంతే. అసలు బొంబాయిలోనూ 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే పడిపోయి, వాటి జాగాలో మాల్స్ లేచాయి. మనకు పేరు అరువిచ్చిన ఊరు ఈ ముచ్చటలోనూ తోడొచ్చింది.

ఇక పక్కనున్న ఎమ్మిగనూరు కథ వేరు. ఆదోని పత్తి అమ్మితే, ఎమ్మిగనూరు బట్ట నేసింది. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు ఈ ప్రాంతం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంతో పాటు ఇటు వచ్చింది. మరుసటి ఏడాదే సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరుతో సర్కిల్ ఉంది, నేతగాళ్ల కోసం వెలిసిన వీవర్స్ కాలనీ ఉంది. పోయింది వీధిలో జరిగే పని. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి, కర్రల మీద బిగించి, ఎండ ముదరకముందే కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. ఆ కాసేపూ బండి రాకూడదు, ఎద్దు రాకూడదు, పిల్లలు దారాల కింద దూరకూడదు. దూరేవాళ్లు, తిట్లు తినేవాళ్లు.

మరమగ్గం బట్ట చవకైంది, నూలు ధర పెరిగింది, చేతి మగ్గానికి కూలి గిట్టలేదు. చాలా ఇళ్లలో మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. పాత నాపరాళ్ల మధ్య రంగు తేడాగా నాలుగు బేతంచెర్ల బండలు కనిపిస్తే గుంట అక్కడే ఉండేదన్నమాట. ఇప్పుడు దాని మీద టీవీ స్టాండో, బీరువానో ఉంటుంది.

ఆదోని కోటను ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో పుస్తకాల్లో ఉంది. బసాలత్ జంగ్ జాగీరు, 1786లో టిప్పు ముట్టడి, అన్నీ దొరుకుతాయి. మిల్లులో రింగు ఫ్రేము మీద పనిచేసిన మనిషికి వారం కూలి ఎంతో మాత్రం ఆ మనిషినే అడగాలి. ఇది నాకు సబబుగా తోచదు. ఊరికి అన్నం పెట్టింది ఆ ఫ్రేములే గానీ ఫిరంగులు కావు.

పత్తి మాత్రం ఆగలేదు. సీజన్లో ఆదోని మార్కెట్ యార్డు ఇప్పటికీ తెల్లగా నిండుతుంది. వ్యాపారి పిడికెడు దూది తీసి, రెండు బొటనవేళ్ల మధ్య లాగి పింజ పొడవు చూసి ధర చెబుతాడు. బేళ్లు లారీలెక్కి తమిళనాడు మిల్లుల దాకా పోతాయి. ఆ పింజను సొంత ఊళ్లోనే నూలు చేసినవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల ట్రంకుపెట్టెల్లో జీతం చీటీలు, పీఎఫ్ కాగితాలు, గేటు ముందు దిగిన ఫోటోలు ఉండే ఉంటాయి. పురపాలక సంఘమో, కాలేజీ చరిత్ర శాఖో ముందుగా తట్టాల్సింది ఆ తలుపులే.