రబ్బరు పనికిరాని డ్రాయింగు క్లాసు
చైనా బడిపిల్లలకు కుంచె పాఠం

డ్రాయింగు క్లాసు అనగానే మన పిల్లలకు పెన్సిలు, రబ్బరు గుర్తుకొస్తాయి. గీత వంకర పోతే చెరిపి మళ్లీ గీయవచ్చు. చైనా సంప్రదాయ చిత్రకళలో ఆ వీలు లేదు. కుంచె తగలగానే కాగితం సిరాను పీల్చేస్తుంది. పడిన గీత పడినట్టే. దిద్దబోతే మరక మిగులుతుంది. అందువల్ల ఈ కళలో మొదట చేతికి నిదానం అలవడాలి. పరీక్షల పరుగులో ఉన్న హైస్కూలు పిల్లలకు ఆ నిదానం ఎప్పుడు, ఎలా నేర్పాలన్నది చైనా ఉపాధ్యాయులకు పెద్ద సమస్య.

వరిగడ్డి కాగితం

ఈ క్లాసుకు కావలసినవి నాలుగే వస్తువులు. కుంచె, సిరా, కాగితం, సిరా నూరే రాయి. వీటిని చైనావారు చదువుగదిలోని నాలుగు నిధులంటారు. కుంచెకు మేక వెంట్రుకలు వాడతారు. పొగమసిని జిగురుతో కలిపి, అచ్చు పోసి, కడ్డీలుగా ఆరబెట్టిందే సిరా. ఆ కడ్డీని రాతిమీద నీళ్లు చిలకరించి, మనం గంధం అరగదీసినట్టు అరగదీయాలి. అలా నూరుతున్న కాసేపట్లోనే పిల్లల అల్లరి సద్దుమణిగి, మనసు పనిమీదకు వస్తుంది.

కాగితం సంగతి మన రైతులకు మరీ వింతగా తోస్తుంది. అన్‌హుయీ రాష్ట్రంలోని జింగ్ ప్రాంతంలో తయారయ్యే షువాన్ కాగితానికి ముడిసరుకు ఒక జాతి చెట్టు బెరడు, వరిగడ్డి. వాటిని సున్నపు నీళ్లలో నానబెట్టి, కొండవాలుల మీద నెలల తరబడి ఎండకూ వానకూ ఆరవేసి తెల్లబరుస్తారు. ఈ కాగితం తయారీ విద్యనూ, చైనా కుంచెరాతనూ యునెస్కో 2009లో మానవాళి వారసత్వ సంపద జాబితాలో చేర్చింది.

ముందు రాత, తర్వాత బొమ్మ

మన పిల్లలు 'అ ఆ'లు దిద్దినట్టే అక్కడ చిత్రకళ కుంచెరాతతో మొదలవుతుంది. 'శాశ్వతం' అనే అర్థమున్న 'యోంగ్' అక్షరాన్ని మొదట దిద్దిస్తారు. రాతకు కావలసిన ఎనిమిది రకాల గీతలూ ఆ ఒక్క అక్షరంలోనే ఉన్నాయని వారి లెక్క. కుంచె నిటారుగా పట్టుకోవాలి. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తేల్చాలో చేతికి తెలియాలి.

ఆ తర్వాత వెదురు, చేమంతి, ఆర్కిడ్, ప్లమ్ పూలకొమ్మ. వీటిని 'నలుగురు పెద్దమనుషులు' అంటారు. వెదురు వంగుతుంది గాని విరగదు. ప్లమ్ చలికాలంలో పూస్తుంది. బొమ్మతోపాటు గుణం కూడా బోధపడాలని వారి ఉద్దేశం. నల్లసిరా ఒక్కటే అయినా నీళ్లు ఎక్కువ తక్కువలుగా కలిపి అయిదు ఛాయలు తెప్పిస్తారు. ఏమీ గీయకుండా వదిలిన తెల్లని చోటే నీరవుతుంది, మంచవుతుంది.

వడ్రంగి చిత్రకారుడైన వైనం

పాత చిత్రాలను చూసి మక్కీకి మక్కీ గీయించడం ఈ చదువులో ప్రధాన భాగం. దీనివల్ల పిల్లల సొంత ఊహ చచ్చిపోదా అని అడిగేవారు ఉన్నారు. దానికి జవాబుగా చి బైషి కథ చెబుతారు. హునాన్ రాష్ట్రంలో 1864లో పేద రైతు కుటుంబంలో పుట్టిన ఆయన బడికి వెళ్లింది ఏడాది లోపే. వడ్రంగం చేసి బతికాడు. ఇరవై ఏళ్ల ప్రాయంలో, 1679లో మొదట అచ్చయిన ఒక చిత్రకళా పుస్తకం ఆయన కంటబడింది. దాన్ని ఎరువు తెచ్చుకుని రాత్రిళ్లు దీపం వెలుగులో బొమ్మలన్నీ దించుకున్నాడు. ముసలితనంలో ఆయన వేసిన రొయ్యలు లోకప్రసిద్ధమయ్యాయి. ఇంట్లో రొయ్యల్ని పెంచి, వాటి కదలికలు చూసి వేసినవవి. చుట్టూ ఒక్క నీటిగీత ఉండదు. అయినా రొయ్య ఈదుతున్నట్టే కనిపిస్తుంది.

పిల్లల ఈడువాడి ఉదాహరణ మరొకటి ఉంది. వాంగ్ షీమెంగ్ అనే కుర్రవాడు 18 ఏళ్ల వయసులో కొండలు, నదులతో సుమారు 12 మీటర్ల పొడవైన పట్టు చిత్రం వేశాడు. స్వయంగా చక్రవర్తే అతనికి గురువు. 1113 నాటి ఆ చిత్రం నేడు బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. మన చేర్యాల పటం లాగా దాన్ని చుట్ట విప్పుతూ చూడాలి.

పెన్సిలా? కుంచెనా?

చి బైషిని కళాశాలలో పాఠాలు చెప్పడానికి పిలిచినవారిలో షూ బెయ్‌హొంగ్ ఒకరు. ఆయన పారిస్‌లో చదివారు. టాగూరు ఆహ్వానంపై 1939లో శాంతినికేతన్ వచ్చి, గాంధీజీ చిత్రం కూడా గీశారు. పెన్సిలు డ్రాయింగే అన్ని చిత్రాలకూ పునాది అని ఆయన వాదం. హాంగ్‌జౌ కళాశాలకు చెందిన పాన్ టియాన్‌షో ఒప్పుకోలేదు. చైనా చిత్రానికి పునాది కుంచెరాతేనని, 1963లో దానికి ప్రత్యేక కోర్సు పెట్టించారు. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవంలో పాతవన్నీ చెడ్డవన్నారు. పాన్ వేధింపులకు గురై 1971లో కన్నుమూశారు.

తర్వాత గాలి మారింది. 2013లో విద్యాశాఖ మూడు నుంచి ఆరో తరగతి వరకు వారానికి ఒక పీరియడు కుంచెరాత నేర్పాలని మార్గదర్శకాలు ఇచ్చింది. హైస్కూలుకు వచ్చేసరికి మాత్రం అది ఐచ్ఛికం. కాలేజీ ప్రవేశ పరీక్ష గండం ముందుంటే, మార్కులు రాని పాఠం వెనకబడుతుంది. కళాశాలలో చేరగోరేవారు కూడా ఏళ్ల తరబడి పెన్సిలు బొమ్మలు, రంగుల బొమ్మల పరీక్షకే తయారయ్యారు. 2024 నుంచి కళల ప్రవేశ పరీక్షలో కుంచెరాతకు వేరే విభాగం ఏర్పడింది.

పరీక్షలో చోటు దొరికితే పిల్లలు నేర్చుకుంటారు, నిజమే. కాని మార్కుల కోసం తొందరపడి నూరితే సిరా చిక్కబడదు. వారానికి ఒక్క గంటైనా గడియారం వంక చూడకుండా పిల్లల్ని కూర్చోబెట్టగలిగిన బడిలోనే ఈ విద్య నిలుస్తుంది.