దద్దుర్ల వ్యాధియు, ప్రాణాపాయకరమగు వాపును

మన సంఘపత్రికయందు విత్తనములనుగూర్చియు, ఎరువులనుగూర్చియు, అప్పుల వాయిదాలనుగూర్చియు వ్రాయుట వాడుక. ఈ మాసమున రైతు దేహమునుగూర్చి నాలుగు మాటలు వ్రాయ నెంచితిమి. ఎద్దు కుంటినచో నాటి సాయంకాలమునకే పశువైద్యునికి చూపు రైతు, తన యొడలంతయు నెలల తరబడి దద్దు రెక్కుచున్నను, "పైత్యము చేసినది, అదియే పోవును" అని యూరకుండును. మఱియొకప్పుడు కందిరీగ కుట్టి నాలుక వాచినవానిని సైతము పసరు పూసి నీడను కూర్చుండబెట్టుదురు. మొదటిది బాధాకరమేగాని ప్రాణము తీయునది కాదు. రెండవది గడియలో ప్రాణము తీయగలదు. ఈ రెంటికిని గల భేదమును ప్రతి కుటుంబమువారును ఎఱిగియుండవలెను.

వ్యాధి లక్షణములు

చర్మముపై దోమకాటంత మొదలు అరచేతి వెడల్పువఱకు ఉబ్బెత్తుగా లేచి, మిక్కిలి దురద పెట్టునవి దద్దుర్లు. చామనచాయ మేనిపై ఎఱుపు స్పష్టముగ కానరాక, ఉబ్బు మాత్రమే తెలియవచ్చును. ఒక్కొక్క దద్దురు సాధారణముగ 24 గంటలలోపల మచ్చ మిగులకుండ అణగిపోవును. ఒకచోట అణగుచుండగా వేఱొకచోట లేచును. ఇదియే ముఖ్యమగు గుర్తు. వయ్యారిభామ తగిలి వచ్చు చర్మరోగమైనచో దినములకొలది అచ్చటనే నిలిచి, రసి కారి, పొట్టు రాలును. గజ్జి వ్రేళ్లసందులలో పుట్టి, రాత్రులు దురద పెట్టి, ఇంటిల్లపాదికిని అంటును. దద్దుర్లు ఒకరినుండి యొకరికి అంటునవి కావు. కావున ఆ వ్యాధిగలవారిని పంక్తినుండి లేపుటయు, నాట్లకు పిలువక మానుటయు అన్యాయము.

చర్మము క్రింది పొరలలో వాపు వచ్చినచో పెదవులు, కనుఱెప్పలు, నాలుక, చేతులు, పాదములు, మర్మావయవములు ఉబ్బును. ఇందు దురదకంటె బిగువును నొప్పియు నెక్కువ. తగ్గుటకు రెండు మూడు దినములు పట్టవచ్చును. జర్మనీదేశపు వైద్యుడు క్విన్‌కె 1882లో దీనిని విపులముగ వర్ణించెను. దద్దుర్లును ఈ వాపును ఒకే మనిషికి కలిసియు రావచ్చును, వేఱువేఱుగను రావచ్చును.

మన పూర్వవైద్యులును దీనిని ఎఱుగనివారు కారు. మాధవనిదానమున శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను పేళ్లతో ఒక ప్రకరణమే కలదు. కందిరీగ కుట్టినచోట లేచు వాపుతో దీనిని అందు పోల్చియున్నారు. ఆ పోలిక చక్కనిది. ఏలయన రెండుచోట్లను చర్మమున పనిచేయు పదార్థము హిస్టమిన్ అనునదియే.

కారణ మేమి?

మన చర్మములో మాస్ట్ కణములనునవి కలవు. వానికి ఆ పేరు పెట్టినవాడు పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. ఈ కణములలో హిస్టమిన్ గింజలవలె నిండియుండును. ఏదేని కారణమున కణము రేగినచో హిస్టమిన్ వెలువడి సన్నని రక్తనాళములను వదులు చేయును. గట్టు వదులైనప్పుడు కాలువనీరు ఊటగా చేలోనికి దిగినట్లే, నాళములలోని ద్రవము చర్మములోనికి దిగి ఉబ్బు పుట్టించును.

దద్దుర్లు 6 వారములలోపల తగ్గినచో అల్పకాలికములనియు, అంతకు మించి సాగినచో దీర్ఘకాలికములనియు చెప్పుదురు. అల్పకాలికములకు జ్వరము, జలుబువంటి అంటురోగములుగాని, తిన్న రొయ్యలు, గ్రుడ్డు, వేరుసెనగవంటివిగాని, పెన్సిలిన్‌వంటి మందుగాని, పురుగుకాటుగాని తఱచుగ కారణమగును. దీర్ఘకాలిక వ్యాధి యట్లు కాదు. అందు పెక్కుమందికి బయటి కారణ మేదియు నుండదు. దేహరక్షణకై పుట్టిన శక్తియే దారి తప్పి, తన మాస్ట్ కణములనే రేపుచుండుట అనేకులలో కనుగొనబడినది. ఏ సమయమున లెక్కించినను నూటికి ఒకరికి అటుయిటుగ ఈ వ్యాధి యుండునని వైద్యుల అంచనా. పురుషులకంటె స్త్రీలకు సుమారు రెండింతలు వచ్చును.

ఈ సంగతి తెలియకపోవుటచేత గొప్ప నష్టము కలుగుచున్నది. మేమెఱిగిన యొక సభ్యురాలు మూడేండ్లు ఈ బాధ పడెను. ఇరుగుపొరుగువారు చెప్పినకొలది వంకాయ మానెను, గోంగూర మానెను, పప్పు, గ్రుడ్లు, పాలు సైతము మానెను. చారును అన్నమును మాత్రమే మిగిలెను. దద్దుర్లు తగ్గలేదు; మనిషి చిక్కిపోయెను. అటుపిమ్మట పొరుగూరిలో సూదులు వేయు నొకనియొద్దకు వారమువారము పోవుచుండెను. సూది పడిననాడు హాయి, నాలుగవనాడు మరల దద్దుర్లు. ఆ సూదిలోనిది స్టిరాయిడ్ మందని ఆమెకు ఎవరును చెప్పలేదు. మొగము ఉబ్బి, రక్తములో చక్కెర పెఱిగి పెద్ద ఆసుపత్రికి పోయిననాటికి పంట మీద తెచ్చిన అప్పులో కొంత ఈ సూదులకే కరిగిపోయినది. అచ్చట ఆ సూదులను క్రమముగ మాన్పించి, దినమున కొక మాత్ర యిచ్చిరి. పిదప మోతాదు పెంచిరి. ఇప్పుడామె అన్నియు తినుచున్నది, కలుపునకు పోవుచున్నది. నడుమనడుమ నాలుగు దద్దుర్లు లేచినను భయపడుట లేదు.

చికిత్స

హిస్టమిన్‌ను అడ్డగించు మందును మొదట 1937లో కనుగొన్నది డానియెల్ బోవె. ఆయనకు 1957లో నోబెల్ బహుమానము లభించినది. నేడు సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ అను మాత్రలు దొరకుచున్నవి. ఇవి దద్దురు లేచినప్పుడు మాత్రమే మ్రింగవలసినవి కావు. దీర్ఘవ్యాధియందు వైద్యుడు చెప్పినంతకాలము దినదినము తప్పక వాడవలెను. మడి యెండిన పిదప నీరు పెట్టుటకంటె తడి ఆఱకుండ చూచుట మేలుగదా! ఒక మాత్రతో లొంగనిచో వైద్యుడు మోతాదును నాలుగింతలవఱకు పెంచును. ఇది స్వయముగ చేయదగిన పని కాదు. అప్పటికిని లొంగనివారికి ఓమాలిజుమాబ్ అను సూదిమందు 2014 నుండి వాడుకలోనికి వచ్చినది. అది ఖరీదైనది, వైద్యకళాశాలల ఆసుపత్రులలో చర్మవైద్యుని అడిగి తెలిసికొనవలెను.

స్టిరాయిడ్ మందులు కొలది దినములు వైద్యుని చేతిమీదుగ వాడినచో మేలు చేయును. నెలలకొలది వాడినచో చక్కెరవ్యాధి, ఎముకల బలహీనత, కంటిపొర కలుగును. బహుకాలము వాడినవారు ఒక్కసారిగ మానుటయు అపాయమే. వైద్యునితో చెప్పియే మానవలెను.

వేలకొలది రూకలు పోసి వంద పదార్థములకు రక్తపరీక్షలు చేయించుట ఈ దీర్ఘవ్యాధిలో సాధారణముగ అనవసరము. కొలది పరీక్షలు చాలును. అంతకంటె ఉపయోగకరమైనది ఒక చిన్న పుస్తకము. ఏనాడు దద్దుర్లు లేచినవి, ఎంతసేపు ఉండినవి, ఆనాడు ఏమి మందు మ్రింగితిమి, ఏ పని చేసితిమి అని వ్రాసికొనవలెను. వైద్యునియొద్దకు పోవునప్పటికి దద్దుర్లు మాయమగుట వాడుక గనుక, లేచినప్పుడే చేతిఫోనుతో ఫొటో తీసి యుంచుకొనవలెను.

పొలము పనులలో జాగ్రత్తలు

కొందఱికి ఒత్తిడి తగిలినచోట దద్దుర్లు లేచును. అట్టివారు మందుకొట్టు పంపు పట్టెక్రింద మెత్తని గుడ్డ మడత వేసికొనవలెను. మొలత్రాడును, బట్టలను వదులుగ కట్టుకొనవలెను. కొందఱికి చెమట పట్టగానే సన్నని దద్దుర్లు పొక్కును. వారు బరువుపనులను ప్రొద్దెక్కకమునుపే ముగించుట మంచిది. చన్నీటివలన దద్దుర్లు వచ్చువారు బావిలోగాని కాలువలోగాని ఒంటరిగ ఈదరాదు; దేహమంతయు ఒక్కసారి చల్లబడినచో స్పృహ తప్పవచ్చును. ఆముదపు పిండి చల్లునప్పుడు దాని ధూళి కొందఱికి పడదు. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

దురద పెట్టినచోట గొంగడితో రుద్దుట కొందఱి యాచారము. రుద్దినకొలది మాస్ట్ కణములు ఇంకను రేగును. తడిగుడ్డ వేయుట మేలు. ఒడలినొప్పులకు అంగడిలో కొని మ్రింగు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ఈ వ్యాధిగలవారిలో కొందఱికి దద్దుర్లను పెంచును. కల్లు, సారాయములును అట్టివే. దురదమాత్రలలో పాతరకములు గాఢమైన నిద్ర తెచ్చును. క్రొత్తవి సైతము కొందఱికి మత్తు కలిగించును. మందు తనకు ఎట్లు పడుచున్నదో తెలియువఱకు ట్రాక్టరు తోలుట, నూర్పిడి యంత్రమునొద్ద నిలుచుట కూడదు.

రక్తపోటునకు ఎనాలప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ మాత్రలు వాడువారిలో కొలదిమందికి, దద్దుర్లు లేకయే పెదవులును నాలుకయు వాచును. మాత్ర మొదలిడిన నెలలకు, ఏండ్లకు సైతము ఇట్లు జరుగవచ్చును. అట్టివారు ఆ మాత్రను ఆపి, తక్షణమే ఆసుపత్రికి పోవలెను. వైద్యుడు వేఱుమాత్ర నిచ్చును. మఱియు, చిన్ననాటినుండి దద్దుర్లు లేకుండ వాపులును, కడుపునొప్పులును వచ్చుచు, తండ్రికో తల్లికో అదే బాధ యున్నచో అది వంశపారంపర్యపు వ్యాధి కావచ్చును. 1888లో ఆస్లర్ అను వైద్యుడు దానిని వర్ణించెను. రక్తములో ఒక పదార్థపు లోపమే కారణమని 1963లో తేలినది. దానికి దురదమాత్రలు పనిచేయవు. వేఱు మందులు కలవు. ఆ కుటుంబచరిత్రను వైద్యునికి తప్పక చెప్పవలెను.

అపాయ చిహ్నములు

దీర్ఘకాలపు దద్దుర్లు ప్రాణము తీయుట మిక్కిలి అరుదు. కాని తేనెటీగయో కందిరీగయో కుట్టిన పిదప, పడని ఆహారము తినిన పిదప, లేక సూదిమందు వేయించుకొనిన పిదప, నిమిషములలోగాని, ఒకటి రెండు గంటలలోగాని ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినను అపాయమని యెంచవలెను: నాలుక, గొంతు వాచుట, కంఠస్వరము మాఱుట, ఆయాసము, పిల్లికూతలు, మాటిమాటికి వాంతులు, కన్నులు తిరుగుట, చల్లచెమట, స్పృహ తప్పుట. కొన్నివేళల దద్దుర్లు లేకయే ఇవి వచ్చును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిషె 1902లో దీనికి అనాఫిలాక్సిస్ అని పేరిడెను. ఆ పరిశోధనకే 1913లో నోబెల్ బహుమానము పొందెను.

అట్టియెడ చేయవలసినది ఇది. వెంటనే 108కి ఫోను చేయవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లను ఎత్తున నుంచవలెను. ఊపిరాడనిచో ఆనించి కూర్చుండబెట్టవలెను. వాంతి యగుచున్నను, స్పృహ లేకున్నను ప్రక్కకు త్రిప్పవలెను. లేపి నిలువబెట్టరాదు, నడిపింపరాదు. నోట నీరుగాని మందుగాని పోయరాదు. తేనెటీగ ముల్లు చర్మమున నున్నచో తక్షణము తీసివేయవలెను.

దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటియే. దానిని తొడకు వెలుపలిప్రక్క కండలోనికి ఎక్కింతురు. అవసరమైనచో 5 నిమిషములకు మరల నిత్తురు. దురదసూదియు, స్టిరాయిడ్ సూదియు దీనికి బదులు కావు. కుదుటపడిన పిదపను కొన్ని గంటలు ఆసుపత్రియందే యుండవలెను. అణగినది మరల రేగవచ్చును.

పాముకాటు మందును గూర్చి యొక మాట. అది గుఱ్ఱపు నెత్తురునుండి చేయబడునది గనుక కొందఱికి పడక దద్దుర్లు, ఆయాసము వచ్చును. అట్లని విషమెక్కినవాడు ఆ మందును వలదనరాదు. వైద్యుడు అడ్రినలిన్‌ను దగ్గఱ నుంచుకొని దానిని ఎక్కించును.

సంఘములు చేయదగిన పని

ఒంటరిగ నున్నవానికి ఈ జ్ఞానమంతయు ఉన్నను ఉపయోగము కొంతయే. ఊపిరాడనివాడు తానే ఫోను చేసికొనలేడు గదా! కావున మూడు పనులను మన సంఘములు చేపట్టవలెనని కోరుచున్నాము. మొదటిది: ఏదేని మందుగాని, ఆహారముగాని, పురుగుకాటుగాని పడని సభ్యులు ఆ సంగతిని ఒక చీటిపై వ్రాసి జేబులో నుంచుకొనునట్లు చేయుట. రెండవది: సమీపపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున అడ్రినలిన్ ఎల్లప్పుడు ఉన్నదో లేదో పంచాయతీ ద్వారా విచారించుట. మూడవది: 108 బండి ఆలస్యమైనచో రాత్రివేళ బండి కట్టగలవారి ఫోను సంఖ్యలను సంఘకార్యాలయపు గోడపై వ్రాయించుట. ఈ మూటికిని కావలసిన ఖర్చు స్వల్పము.

దీర్ఘకాలపు దద్దుర్లతో బాధపడు సభ్యులు అధైర్యపడ నక్కఱలేదు. ఈ వ్యాధి పెక్కుమందిలో ఒకటి మొదలు అయిదేండ్లలో దానియంతట నదియే శాంతించును. కొందఱికి ఇంకను కొంతకాలము పట్టును. అందాక క్రమముగ మందు వాడుచు, కడుపార తినుచు, కంటినిండ నిద్రపోవుచు, పనులు చేసికొనవచ్చును. ఇంటివారు సైతము ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. రాత్రియంతయు గోకికొనుచు మేల్కొనినవాడు ఉదయమున మడక పట్టలేకపోయినచో అది సోమరితనము కాదు, వ్యాధి. ఆ మాట తెలిసిన యింట సగము బాధ తగ్గును.